రెండు చాపల చోటు

కినోమొతో, జనవరి 16

అక్కా,

ఇక్కడ పైకప్పు మీద మంచు మోకాలి లోతున పేరుకుంది. నిన్న పారతో దింపుతుంటే నడుం పట్టేసింది. బోర్లా పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే తిట్టకు. ఫోన్ చేస్తే వినపడక ‘ఆఁ, ఆఁ’ అని మధ్యలో పెట్టేస్తావు కాబట్టి మనకి ఉత్తరాలే గతి.

విషయం ఏమిటంటే, మంచు కరగ్గానే వడ్రంగి ఒగాటా గారు మా ఇంటి మరమ్మతు మొదలుపెడతారు. ఆయనకి ఇంటి ప్లాను కావాలి. నేను గళ్ళ కాగితం మీద గీసి చూపిస్తే, అటు తిప్పి ఇటు తిప్పి, ‘ఇది ఇల్లాండీ, చేపల వలా?’ అన్నారు. కంప్యూటర్లో గీసే సాఫ్ట్‌వేర్లు చవకవి ఉన్నాయట కదా. నాలాంటి మొద్దుకి కూడా పనికొచ్చేది ఒకటి చూసి పెట్టు. ముప్పై ఏళ్ళు కంట్రాక్టరు ఆఫీసులో ప్లాన్లు గీసినదానివి, నీకు తెలిసినంత షాపువాడికీ తెలియదు.

నగికి ఎనిమిదో నెల. ఫిబ్రవరి మూడున పురిటికి యొనాగోలో వాళ్ళమ్మ దగ్గరికి వెళుతుంది. వెళ్ళే ముందు ప్లాను చూస్తానంటోంది. ‘పాప ఎక్కడ పడుకుంటుందో నాకు కళ్ళకి కనపడాలి. లేకపోతే నేను తిరిగి రాను’ అంది. నవ్వుతూ అనలేదక్కా. ఆరేళ్ళ క్రితం అలా వెళ్ళినది ఏడాదిన్నర రాలేదు, నీకు తెలుసు. ఈసారి రాకపోతే ఇక రాదు.

కొలతలు ఇవి, నేల మీద పరిచిన చాపలు లెక్కపెట్టి రాశాను: దక్షిణం వైపు వరసగా మూడు గదులు. పడమటిది ఎనిమిది చాపలు, మధ్యది ఆరు, తూర్పుది ఎనిమిది. మధ్యది పాపకి. దస్తావేజులో ఇంటి పొడవు పది మీటర్ల అరవై అని ఉంది. వంటిల్లు, స్నానాల గది కొలతలు వెనక పేజీలో రాశాను.

తమ్ముడు
తెత్సురో


ఫునాబాషి, జనవరి 24

ఒరేయ్ తెత్సూ,

నడుం నొప్పికి పట్టీ వెయ్యి, పౌరుషానికి పోకు. ఇక్కడ మంచూ లేదు, వానా లేదు. ఉతికిన బట్టలు పన్నెండు గంటలకే ఆరిపోతున్నాయి.

నాలుగు రకాలు చూశాను. ఒకటి ఊరికే ఇస్తారు గానీ పరాయి భాష, కొలతలు అడుగుల్లో. నువ్వు దానితో ఇల్లు గీస్తే ఆవుల కొట్టం అవుతుంది. రెండోది నెలనెలా డబ్బు కట్టాలి, కట్టడం ఆపిన రోజున నీ ఇల్లు వాడి దగ్గరే ఉండిపోతుంది. మూడోది మా ఆఫీసులో వాడినది, దాని ధరకి కారొస్తుంది. నాలుగోది డబ్బాలో అమ్ముతారు. మూడువేల తొమ్మిదివందల ఎనభై యెన్లు, ఒక్కసారే. ఒక డబ్బాని రెండు కంప్యూటర్లలో పెట్టుకోవచ్చు. నీదొకటి, నాదొకటి. నేనే కొనేశాను, పసిదానికి మేనత్త కానుక అనుకో.

చాలా తేలిక. ‘ఆరు చాపలు’ అని నొక్కితే ఆరు చాపల గది వచ్చి పడుతుంది, తోసుకుంటూ పోయి గోడకి ఆనించడమే. మంచాలు, బల్లలు, పొయ్యిలు బొమ్మలుగా ఉన్నాయి. ఎత్తు అంచనాకి మనిషి బొమ్మలూ ఉన్నాయి. నువ్వు తడుముకుంటావని నీ కొలతలతో నేనే గీసేశాను. సాఫ్ట్‌వేర్ డిస్కు, ప్లాను ఉన్న పెన్‌డ్రైవ్ ఇందులో పెట్టాను.

ఒక్కటి మాత్రం తేలలేదు. రెండు చివర్ల నుంచీ గదులు పేర్చుకొస్తే మధ్య గదికీ తూర్పు గదికీ నడుమ చోటు మిగిలింది. వెడల్పు ఒక చాపంత, పొడవు రెండు చాపలంత. దానికి తలుపు లేదు. ఏమిటది? నువ్వు రాయడం మరిచిన గదా? ఉత్తి ఖాళీగా ఉంటే చూడ్డానికి ఏదోలా ఉందని ఒక ఉయ్యాల తొట్టి బొమ్మ పెట్టాను. అచ్చంగా పట్టింది.

ఈసారి టేపు పెట్టి కొలవరా. చాపలు లెక్కపెట్టి ఊరుకోకు.

అక్క
సుమియె


కినోమొతో, ఫిబ్రవరి 6

అక్కా,

మంచు కాస్త తగ్గింది. చెరువు మీద నుంచి వచ్చే గాలి మాత్రం చెవులు కోసేస్తోంది.

సాఫ్ట్‌వేర్ నిజంగానే తేలిక, నాకు కూడా వచ్చేసింది. ఇంట్లో నడుస్తున్నట్టు చూపించే మీట ఒకటుంది చూడు, దానితో ఒక పూటంతా గడిపేశాను.

నువ్వు చెప్పిన చోట ఏ గదీ లేదక్కా. మధ్య గదిలో పరుపులు దాచుకునే గూడు ఉంది, తూర్పు గదిలోనూ ఉంది, రెండిటి వీపులూ ఒకే గోడకి ఉన్నాయి. అంతే. గోడ మీద కొట్టి చూశాను. గోడ చప్పుడే వచ్చింది.

నగి మూడో తారీకున వెళ్ళిపోయింది. ముందు రోజు ప్లాను చూపించాను. మధ్య గదిని చూసి సరే అంది. ఆ తరవాత ఉయ్యాల తొట్టి దగ్గర ఆగిపోయింది. నా టీ చల్లారిపోయేదాకా అలాగే చూసింది. ‘వదినకి గుర్తుందన్నమాట’ అంది. ఏం గుర్తని నేను అడగలేదు. ఈ ఆరేళ్ళలో నీ గురించి తను ఒక మంచి మాట అనడం ఇదే మొదలు, దాన్ని చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను. తన దగ్గరున్న పెన్‌డ్రైవ్‌లోకి ప్లాను దింపుకుని, వాళ్ళమ్మ వాళ్ళ కంప్యూటర్లో చూసుకుంటానని పట్టుకెళ్ళింది.

నీ పెన్‌డ్రైవ్ తిరిగి పంపుతున్నాను. అందులో ఇంకొకటి కూడా కనిపిస్తుంది. ఏమీ అనుకోకు.

తెత్సురో


ఫునాబాషి, ఫిబ్రవరి 13

తెత్సూ,

పక్కింటి వాళ్ళ ప్లమ్ చెట్టు పూసింది. చూస్తూ కూర్చునే ఓపిక నాకు లేదు, ముందు నా తల నేనే బాదుకోవాలి.

తప్పు నాదే. నువ్వున్నది క్యోటో వైపు. అటు చాప పెద్దది. మనం పెరిగిన టోక్యో వైపు చాప చిన్నది. ఈ సాఫ్ట్‌వేర్ మనం ఏమీ చెప్పకపోతే టోక్యో చాపనే లెక్కలోకి తీసుకుంటుంది. అందుకే గదులన్నీ కుంచించుకుపోయి మధ్యలో చోటు మిగిలినట్టు చూపించింది. కొలత మార్చి చూశాను. మూడు గదులూ పది మీటర్ల అరవైలో దారం పట్టినట్టు సరిపోయాయి. ముప్పై ఏళ్ళు గీసినదాన్ని, ఒక మీట చేతికివ్వగానే బుర్ర పక్కన పెట్టేశాను. సిగ్గుగా ఉంది.

కాబట్టి ఆ చోటు లేదు. ఎప్పుడూ లేదు.

ఇక నువ్వు తిరిగి పంపిన పెన్‌డ్రైవ్ తెరిస్తే తొట్టి పక్కన బడిపిల్లలు చదువుకునే బల్ల ఉంది, పుస్తకాల సంచీ తగిలించే కొక్కెంతో సహా. నగే పెట్టి ఉంటుంది. కొలత మార్చగానే ఆ బల్ల సగం మధ్య గదిలో, సగం తూర్పు గదిలో, కొత్త గోడకి అడ్డంగా నిలబడింది. చూడబుద్ధి కాలేదు. బల్ల, తొట్టి రెండూ తీసేశాను. సరిచేసిన ప్లాను పంపుతున్నాను, ఒక నకలు నగికి పంపు. మెల్లిగా చెప్పు. పొరపాటు నాదని చెప్పు. పురుడు దగ్గర పడిన మనిషి, లేని గది గురించి ఆలోచించడం మంచిది కాదు.

సుమియె


కినోమొతో, ఫిబ్రవరి 25

అక్కా,

ఏ వరసలో రాయాలో తెలియడం లేదు. వచ్చినట్టు రాసేస్తాను.

సరిచేసిన ప్లాను యొనాగోకి పంపాను. మర్నాడు నగి ఫోన్ చేసింది. అరవలేదు. ‘దాన్ని ఎక్కడ పెట్టారు?’ అని అడిగింది. కొలత తప్పని, చాపలని, నువ్వు చెప్పినదంతా చెప్పాను. అంతా విని, ‘అయితే ఆ ఇంట్లో దానికి చోటు లేదు. నాకూ లేదు’ అని పెట్టేసింది. వాళ్ళమ్మ మళ్ళీ చేసి, నగి అన్నం ముట్టడం లేదని చెప్పింది.

రెండోది. ఆ బల్ల పెట్టింది నగి కాదు, నేను. నువ్వు పెట్టిన తొట్టి చూస్తే ఇంత చిన్నది దానికి ఎలా సరిపోతుందనిపించింది. మా మొదటిది బతికి ఉంటే ఈ ఏప్రిల్‌లో బడికి వెళ్ళాలి. ఊళ్ళో దుకాణాల నిండా బడి సంచీలు వేలాడుతున్నాయి, కళ్ళు మూసుకుని నడవలేను కదా. అందుకు పెట్టాను. నవ్వుకో.

మూడోది. నువ్వు పంపిన ప్లానులో బల్ల తీసేశానన్నావు. తీసినదానివి మళ్ళీ ఎందుకు పెట్టావు? అదే చోట, గోడకి అడ్డంగా ఉంది. పక్కన పిల్ల బొమ్మ కూడా ఉంది. దాని మీద నొక్కితే ఎత్తు నూట పదమూడు సెంటీమీటర్లని వచ్చింది. మామూలుగా ఆ సాఫ్ట్‌వేర్‌లోని పిల్ల బొమ్మ నూట ఇరవై. అంటే ఎవరో కావాలని మార్చారు. నువ్వు నాకు నచ్చజెబుతున్నావా, ఏడిపిస్తున్నావా? మొదట కోపం వచ్చింది. ఇప్పుడు కోపం కూడా లేదు.

నాలుగోది. నిన్న చాపల మేస్త్రి వచ్చాడు. పాప వచ్చేలోగా పై అల్లిక మార్పిద్దామని పిలిచాను. ఒక చాప ఎత్తి, బద్ద పెట్టి కొలిచి, నా మొహం చూశాడు. ‘ఇవి మావైపు చాపలు కావండీ. పదిహేను సెంటీమీటర్లు పొట్టి. ఇవి టోక్యోవి’ అన్నాడు. ఇల్లు కట్టించినాయన టోక్యో నుంచి వచ్చి, అక్కడి కొలతలతోనే గదులు వేయించాడట. అప్పుడు టేపు తీశాను. మూడు గదుల్నీ లోపలి నుంచి కొలిచాను, రెండేసిసార్లు.

నువ్వు మొదట గీసిందే సరైనది. గోడ వెనక రెండు చాపల చోటు ఉంది.

తెత్సురో


ఫునాబాషి, మార్చి 3

తెత్సూ,

బల్ల నేను మళ్ళీ పెట్టలేదు. పిల్ల బొమ్మ నేను పెట్టలేదు. నీ ఉత్తరం అందాక నా కంప్యూటర్ తెరిచాను. అది దేనికీ కలిపి లేదు, నీకు తెలుసు, ఇంటర్నెట్ పెట్టించుకోమని నువ్వు పోరినా నేను వినలేదు. ప్లానులో బల్ల ఉంది. పిల్ల ఉంది. మొహం బల్ల వైపు, వీపు మనవైపు. నొక్కి చూశాను. ఎత్తు నూట పధ్నాలుగు.

పగలు పదకొండు గంటలు, కిటికీలో ఎండ ఉంది, వీధిలో చెత్త బండి పాట పెట్టుకుని పోతోంది. అయినా భయమేసింది. ఉన్నమాట చెబుతున్నాను.

ఇంకో ఉన్నమాట కూడా చెప్పాలి. ఆరేళ్ళ క్రితం ఆసుపత్రి వరండాలో నగితో నేను అన్న మాట నీకు తెలుసో తెలియదో. ‘ఇంకా ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు కదా, అది నయం’ అన్నాను. ఓదారుస్తున్నాననే అనుకున్నాను. నగి నా వంక చూసిన చూపు ఓదార్పు అందినదాని చూపు కాదు. దానికి పేరు పెట్టారని తరవాత ఎవరో చెప్పారు. ఏం పేరని నేను అడగలేదు. అడిగితే అది ఉన్నట్టవుతుందని. తొట్టి బొమ్మ పెట్టినప్పుడు నాకేదీ గుర్తులేదురా. చోటు ఖాళీగా ఉందని పెట్టాను, అంతే. నగి నన్ను మంచిదాన్ననుకుంది. నేను కాదు.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. తలుపు లేని చోటు ఉన్న ప్లానుని బల్ల మీద నుంచి బయటికి పంపకూడదు. చెరిపేయాలి, లేదా తలుపు పెట్టాలి. నేను ఒకసారి చెరిపి చూశాను. అందుకని ఈసారి మధ్య గదిలోని గూడు తీసేసి, అక్కడ జరిపే తలుపు గీశాను. ఈ ప్లాను నగికి పంపు. ఒగాటా గారికి తను సరేనంటేనే ఇవ్వు.

గది పేరు రాసే గడి ఖాళీగా వదిలాను. పేరు చెప్పు, రాస్తాను.

అక్క


కినోమొతో, మార్చి 18

అక్కా,

తొమ్మిదో తారీకున ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోలకి కాస్త తక్కువ. తల్లీ పిల్లా బాగున్నారు. పేరు సవా. నువ్వు మేనత్తవయ్యావు. మళ్ళీ అయ్యావు అనాలి.

మొదటిదాని పేరు ఇతోహ. రాయడం ఇదే మొదటిసారి.

నీ ప్లాను చూసి నగి చాలాసేపు ఏడ్చిందట. నీ ఉత్తరం కూడా పంపాను, నీ అనుమతి అడగలేదు, తిట్టు. ‘వదిన ఆ మాట అన్నట్టు తనకి గుర్తుంది, నాకు అది చాలు’ అంది. తలుపు నిజంగా పెట్టిస్తే ఏప్రిల్ ఆరున వస్తానంది. అన్నం తింటోందట.

పదిహేనున ఒగాటా గారు గోడ తీశారు. మధ్యాహ్నం భోజనాల తరవాత. పలకలు ఊడదీసి దీపం లోపలికి పెట్టి, ‘ఉందండీ’ అన్నారు. రెండు చాపలంత నేల, చాపలు వెయ్యని ఉత్తి చెక్క. ఎందుకు వదిలేశారో ఆయనకీ అర్థం కాలేదు. కట్టినప్పటి నుంచి ఎవరూ అడుగు పెట్టలేదేమో, దుమ్ము వేలెడు మందాన ఉంది. అందులో నాలుగు చోట్ల మాత్రం దుమ్ము లేదు. చిన్న చిన్న నలుచదరాలు, తుడిచినట్టు శుభ్రంగా. టేపు పెట్టాను. బల్ల కాళ్ళ మధ్య దూరం ఎంత ఉంటుందో అంత.

నలభై ఏళ్ళ నుంచి ఇళ్ళు విప్పుతున్న మనిషి ఒగాటా గారు. చేతులు జోడించి దణ్ణం పెట్టారు. తరవాత మామూలు గొంతుతో, ‘తలుపు ఎత్తు తక్కువగా ఉంది, ప్లానులో ఉన్నంతే ఉంచమంటారా? పిల్లలకైతే ఇది చాలు’ అన్నారు. చాలన్నాను.

తెత్సురో


ఫునాబాషి, మార్చి 27

తెత్సూ,

ఇతోహ. పేరు గడిలో రాశాను. పైకి ఒకసారి చదివాను కూడా.

ఇంక మేనత్తగా రెండు మాటలు. ఒకటి, నా కంప్యూటర్లో పిల్ల ఇప్పుడు ఆ గదిలో లేదు. నిన్న చూస్తే కొత్త తలుపు దగ్గర ఉంది. ఇవాళ మీ వీధి గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోట, మొహం వీధివైపు పెట్టుకుని ఉంది. నూట పదహారు. నేను మీట ముట్టుకోలేదు, ఒట్టు.

రెండోది, అసలు సంగతి. నాకు నగి గురించి భయంగా ఉంది. ఒళ్ళో పసిది ఉన్న మనిషి ఆ రెండు చాపల చోట్లోకి వెళ్ళి కూర్చుంటే, మళ్ళీ బయటికి రాకపోతే, సవా గతేమిటి? బతికున్న దానికి తల్లి కావాలి. ఆ పిల్ల వెళదామని నిలబడినట్టుంది. వెళ్ళనివ్వండి. కానీ గుమ్మంలో మనం అలవాటుగా అనేది మీరు అనకండి. ‘వెళ్ళిరా’ అనకండి. ‘వెళ్ళు’ అనండి, అంతే. నగి చేత కూడా అలాగే అనిపించు. ఇది నీ మీద ఉంది.

అక్క


కినోమొతో, ఏప్రిల్ 10

అక్కా,

ఇక్కడ చెర్రీలు ఆలస్యం, నిన్ననే విరిశాయి.

నగి అన్నట్టే ఆరో తారీకున వచ్చింది. సవాని నా చేతికిచ్చి ముందు ఆ గదిలోకి వెళ్ళింది. నేను తలుపు బయట నిలబడి నీ మాటే తలుచుకుంటున్నాను. ఎంతోసేపు లేదు, బయటికి వచ్చేసింది. ‘పసిదానికి మధ్య గదే మంచిది. ఇతోహ ఎలాగూ పగలంతా బడిలో ఉంటుంది’ అంది, కూరలు తరుగుతూ అన్నట్టు. నేను అవునన్నాను. ఇంకేమనాలి చెప్పు.

నువ్వు రాసినది ఆ సాయంత్రమే తనకి చెప్పాను. వింది. ‘వదిన చెప్పింది సబబే’ అంది. ‘వెళ్ళు’ అనే అంటానని ఒప్పుకుంది.

నిన్న ఇక్కడి బడిలో కొత్తపిల్లల్ని చేర్చుకునే రోజు. పొద్దున్న ఎనిమిదింటికి మా సందులోంచి ముగ్గురు పిల్లలు పసుపు టోపీలు పెట్టుకుని తల్లుల వెంట వెళుతున్నారు. నగి సవాని ఎత్తుకుని వీధి గుమ్మంలో నిలబడింది. శుభకార్యాలకని దాచుకున్న కిమొనో వేసుకుంది, అది ఎప్పుడు ఇస్త్రీ చేసిందో నేను చూడనేలేదు. నేను పక్కన నిలబడ్డాను. మెట్టు మీద ఎవరూ లేరు. ఆ మాట నీకు ఖచ్చితంగా చెప్పగలను. తలుపు నేను తియ్యలేదు, నగి తియ్యలేదు, దానంతటదే తెరుచుకుంది. మా మోకాళ్ళ పక్క నుంచి చల్లగాలి బయటికి వెళ్ళింది, లోపలికి రాలేదు. సవా తల తిప్పి అటు చూసింది. నెల పిల్ల, ఇంకా చూపు ఆననిది.

నగి పెదవులు కదిలాయి. ‘వెళ్ళు’ అనబోయింది, మొదటి సగం వచ్చింది కూడా. తరవాత, ‘వెళ్ళిరా’ అంది.

నాకు నీ మాట గుర్తుంది. నువ్వు నా మీద పెట్టావు కాబట్టి నేనైనా ‘వెళ్ళు’ అనాలి. అందామనే నోరు తెరిచాను. నన్ను క్షమించు. ఆరేళ్ళలో ఇతోహతో నేను మాట్లాడిన మొదటి మాట అది. ‘వెళ్ళిరా, జాగ్రత్త’ అన్నాను.

నగి లోపలికి వచ్చి సవాకి పాలిచ్చింది, నాకు టీ పెట్టింది, మామూలుగానే ఉంది. మొదటి రోజు కాబట్టి చిన్నపిల్లల్ని పన్నెండున్నరకే వదిలేస్తారని ఎదురింటావిడ చెప్పింది. పన్నెండుంపావుకే వెళ్ళి నేను వీధి తలుపు గడియ తీసి పెట్టాను.

తెత్సురో